ఫర్నేస్ అంటుకోవడం లేదా? ముందు చెవి పెట్టి వినండి

షికాగో వైపు కొత్తగా వచ్చేవాళ్లు చలికోటు ఎక్కడ కొనాలని అడుగుతారు గానీ, గ్యాస్ మంటతో ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రం ఫర్నేస్ గురించి ఎవరూ అడగరు. 2019 జనవరి 30న ఇక్కడ చలి మైనస్ 23 ఫారన్‌హీట్‌కి పడిపోయింది, మన లెక్కలో దాదాపు మైనస్ 31 డిగ్రీలు. అలాంటి రాత్రి ఫర్నేస్ మొరాయిస్తే ఏం చేయాలో ఇప్పుడే తెలుసుకుని ఉండండి.

అన్నిటికన్నా ముందు వాసన. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడితే ఏ స్విచ్చూ వేయకండి, తీయకండి. అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకో, అత్యవసర నంబరు 911కో ఫోన్ చేయండి. మన దగ్గర సిలిండర్ లీకైతే వచ్చే కంపు లాంటిదే ఇదీ. కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ వాసన కూడా ఉండదు కాబట్టి దాని అలారం మోగినా ఇలాగే బయటపడాలి.

వాసన లేదంటే ఇంట్లో వేడి ఎంతుండాలో పెట్టుకునే థర్మోస్టాట్ హీట్‌లో ఉందో లేదో చూసి, బ్యాటరీలు మార్చండి. తర్వాత ఫర్నేస్ పక్కనో, బేస్‌మెంట్ మెట్ల దగ్గరో అచ్చం లైటు స్విచ్ లాంటిది ఒకటి ఉంటుంది, అది ఫర్నేస్ స్విచ్, వేసి ఉందో లేదో చూడండి. మా నాన్నగారు వచ్చినప్పుడు "పగలు కూడా ఈ లైటెందుకు, కరెంటు దండగ" అని కట్టేశారు. సాయంత్రానికి ఇల్లంతా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. ఫర్నేస్ తలుపు సరిగ్గా పడకపోయినా అంతే. దాని వెనక చిన్న సేఫ్టీ స్విచ్ ఉంటుంది, అది నొక్కుకుంటేనే కరెంటు అందుతుంది.

ఇవన్నీ బాగుంటే థర్మోస్టాట్ పెంచి, ఫర్నేస్ దగ్గర నిలబడి వినండి. మొదట చిన్న ఫ్యాను గుయ్యిమంటుంది, పొగను బయటికి తోసేది అదే. గాలి సరిగ్గా లాగుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకున్నాక, మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. టక్కుమని గ్యాస్ వాల్వు తెరుచుకుని నీలిమంట వస్తుంది. అర నిమిషమో, నిమిషమో ఆగి, వేడిగాలిని ఇంట్లోకి పంపే పెద్ద ఫ్యాను, అంటే బ్లోవర్ తిరుగుతుంది. ఈ వరుసలో ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం జబ్బు తెలిసినట్టే.

చిన్న ఫ్యాను తిరుగుతూనే ఉండి ఇగ్నైటర్ వెలగకపోతే బయటికి వెళ్లి గోడలోంచి వచ్చే ఫర్నేస్ తెల్ల పైపులు చూడండి. మంచు తుపాను తర్వాత అవి పూడుకుపోతాయి. చేత్తో మంచు తీసేస్తే చాలాసార్లు పని అయిపోతుంది. పైపులు ఖాళీగానే ఉండీ ఇగ్నైటర్ ఎర్రబడకపోతే అది పగిలి ఉండొచ్చు. మంట వచ్చి మూడు నాలుగు సెకన్లకే ఆరిపోతుంటే ఫ్లేమ్ సెన్సర్‌కి మసి పట్టి ఉంటుంది. మంట ఉందని దానికి తెలియక గ్యాస్ ఆపేస్తుంది. అది సన్నని కడ్డీ, కరెంటు ఆపి మెత్తటి స్టీల్ ఊల్‌తో తుడిస్తే సరి. చేతకాదనిపిస్తే వదిలేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. వాల్వు, గ్యాస్ పైపుల జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు.

కాసేపు మంట బాగా ఉండి, వేడెక్కాక ఆగిపోతుంటే ముందు ఫర్నేస్‌లోకి వెళ్లే గాలిని వడకట్టే ఫిల్టరు తీసి వెలుతురుకి పెట్టి చూడండి. మన పోపులూ, వేపుళ్లూ ఉన్న ఇంట్లో అది తొందరగా మూసుకుపోతుంది. పల్చటి ఫిల్టరైతే రెండు నెలలకోసారి మార్చడం మంచిది.

కొన్నిసార్లు ప్రయత్నించి అంటుకోకపోతే ఫర్నేస్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు తనంతట తానే లాక్ అవుతుంది. స్విచ్ ఆపి వేస్తే మళ్లీ మొదలవుతుంది గానీ, ఆపేముందు లోపలి చిన్న లైటు ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెట్టి రాసుకోండి. ఆ లెక్కకు అర్థం తలుపు లోపలి పట్టికలో ఉంటుంది, మెకానిక్ మొదట అడిగేదీ అదే. ఒకటి రెండుసార్ల కన్నా ఎక్కువ అలా రీసెట్ చేయొద్దు.

మెకానిక్ వచ్చేలోపు వంట పొయ్యి వెలిగించి ఇల్లు వెచ్చబెట్టుకోవాలని చూడకండి. బొగ్గుల గ్రిల్లు అసలే లోపలికి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కుళాయిలు సన్నగా ధార కట్టేలా వదిలి, సింకు కింది అరల తలుపులు తెరిచి ఉంచండి. నీళ్లు గడ్డకట్టి పైపు పగిలిందంటే ఫర్నేస్ బిల్లు దాని ముందు చిన్నదే.

షికాగో నగరంలోనే అద్దెకుంటే, ఓనరు హీటు ఇచ్చే ఇళ్లలో సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా పగలు 68, రాత్రి 66 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండేలా చూడాల్సింది ఆయనే. పట్టించుకోకపోతే నగరపాలక ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి. శివారు ఊళ్లలో నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి లీజు తీసి చదువుకోండి.