స్కీ టూర్ పాఠాలు – 4వ భాగం: గ్లేసియర్ మీద తాడు, కళింగపట్నం ఇసుకలో సాధన

గత మూడు భాగాల్లో స్కీలకు స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా ఆపే పట్టీలు) అంటించడం, వాలు మీద కిక్ టర్న్ (ఒక్కో స్కీ ఎత్తి నిలబడ్డచోటే దిశ మార్చడం), రాత్రి మంచు గట్టిపడిందో లేదో తెల్లవారుజామున చూసుకోవడం అయ్యాయి. ఈసారి తాడు: గ్లేసియర్ (కొండ మీద మెల్లగా కదిలే మంచు ప్రవాహం) పగుల్లో ఒకరు పడితే మిగతావాళ్లు ఆపి పైకి లాగడం ఎలాగో. ముగ్గురు స్నేహితుల జట్టును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. ఇద్దరే వెళ్తే ఏం మారుతుందో మధ్యలో చెబుతాం. సాధనకు మంచు బదులు ఇసుక చాలు: కళింగపట్నం, బారువ, భావనపాడు, ఏ తీరమైనా సరే.

మే నెలలో మనాలి పైన, నాలుగు వేల మీటర్ల ఎత్తులో, గ్లేసియర్ పగుళ్లు చాలావరకు పైకి కనబడవు. చలికాలంలో కురిసిన మంచు వాటిని కప్పేసి ఉంటుంది. ఆ కప్పునే మంచు వంతెన అంటారు. ఆకాశం నిర్మలంగా ఉంటే రాత్రికి అది బిగుస్తుంది, మబ్బు పడితే బిగవదు. తెల్లవారి ఐదింటికి ముగ్గురినీ మోసిన వంతెన పదకొండింటికి ఒక్కరికే కూలిపోవచ్చు. మూడు, నాలుగు గంటలకే బయల్దేరి ఎండ ముదరకముందే గ్లేసియర్ దిగిపోవాలనేది అందుకే. తాడు ఆ గడియారానికి తోడే తప్ప బదులు కాదు.

పగుళ్లు ఎక్కడపడితే అక్కడ ఉండవు. మంచు ప్రవాహం సాగే చోట చీలుతుంది: వాలు ఉబ్బెత్తుగా ఒరిగే చోట, ఒంపు తిరిగే చోట బయటి అంచున. గిన్నెలా పల్లమైన చోట మంచు ఒత్తుకుని ఉంటుంది కాబట్టి ఆగి నీళ్లు తాగాలంటే అక్కడే నయం.

40 మీటర్ల తాడు తీసుకుందాం, 8 మిల్లీమీటర్ల మందం. మనిషికీ మనిషికీ మధ్య 12 మీటర్లు. అంటే మధ్యలో 24 పోగా రెండు చివర్లా ఎనిమిదేసి మీటర్లు మిగులుతుంది. మొదటి మనిషి, చివరి మనిషి ఆ మిగులును సంచిలో పెట్టుకుంటారు, తేలిగ్గా బయటికి లాగేలా. ముగ్గురూ ఎనిమిది అంకె ముడితో, తాళం ఉన్న కారబైనర్‌తో (తెరిచి మూసే లోహపు కొక్కెం) హార్నెస్‌కు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) తగులుకోవాలి. ఇద్దరే అయితే మధ్య దూరం 15 మీటర్లకు పెంచి, రెండు మీటర్లకొక బటర్‌ఫ్లై ముడి (తాడు నడుమ వేసే ఉచ్చు ముడి) వెయ్యాలి. పడ్డప్పుడు ఆ ముడి పగులు అంచులో దిగబడి బరువును ఆపుతుంది. కానీ ముడులున్న తాడు పుల్లీలో దూరదు. పైకి లాగడానికి సంచిలో ఉన్న తాడే గతి కాబట్టి ఇద్దరి జట్టుకు మిగులు ఇంకా పొడవుండాలి, 60 మీటర్ల తాడు తీసుకోవాలి.

వలల దుకాణంలో దొరికే నైలాన్ తాడు ముడులు నేర్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. మనిషి బరువుకు మాత్రం వద్దు. పర్వతారోహణ తాడు పడ్డవాడి ఊపును సాగి మింగుకునేలా నేస్తారు, అది ఆ పనికి పరీక్షించి అమ్మే సరుకు. ప్రూసిక్ అంటే ప్రధాన తాడు చుట్టూ వేసే ముడి, వదులుగా ఉంటే జరుగుతుంది, బరువు పడితే బిగుస్తుంది. దానికి 6 మిల్లీమీటర్ల సన్న తాడు కావాలి. ప్రధాన తాడు కంటే ప్రూసిక్ తాడు సన్నగా ఉంటేనే పట్టు. మూడు చుట్లు సరిపోతాయి. తాడు తడిసి గడ్డకడితే నాలుగు.

నడిచేటప్పుడు ఒకే నియమం: తాడు మంచును తాకీ తాకనట్టుండాలి. రెండు మీటర్ల వదులుంటే పడ్డ మనిషి ముందు ఆ రెండు మీటర్లూ ఆగకుండా పోతాడు, తర్వాత ఒక్క కుదుపులో రెండోవాణ్ని లాగేస్తాడు. కొత్త జట్లలో వదులు ఎప్పుడొస్తుందంటే, ముందువాడు కిక్ టర్న్ కోసం ఆగినప్పుడు. వెనకవాడూ అక్కడే ఆగాలి, దగ్గరికి వచ్చి నిలబడి కబుర్లు చెప్పకూడదు. జట్టు వరుస పగుళ్లకు అడ్డంగా సాగాలి. పగులు వెంబడే నడిస్తే ముగ్గురూ ఒకే వంతెన మీద ఉండే ప్రమాదం. స్కీలు విప్పకండి, వాటి పొడవే బరువును పరుస్తుంది.

మొదటి మనిషి పడ్డాడనుకుందాం. మధ్య మనిషి వెంటనే పక్కకు కూలబడి, స్కీ అంచులు లాగుడుకు అడ్డంగా మంచులో దిగేలా తన్నిపట్టాలి. చివరి మనిషి తాడు బిగువుగా ఉంచి, మధ్య మనిషి నిలదొక్కుకున్నాడని కేక వేసి అడిగి తెలుసుకున్నాకే కదలాలి. ప్రూసిక్‌తో తాడును పట్టుకుని జరుపుకుంటూ మధ్య మనిషిని దాటి రెండు మీటర్లు ముందుకు వచ్చి, అక్కడ యాంకర్ (పడ్డ మనిషి బరువును మోసే ఆధారం) పాతాలి.

పాఠమంతటికీ ప్రాణం ఈ యాంకరే. మెత్తబడిన మంచులో నిలువుగా గుచ్చిన స్కీ ఊడి వస్తుంది. అడ్డంగా పాతాలి. లాగుడుకు అడ్డంగా మోకాలి లోతు గాడి తవ్వి, రెండు స్కీలూ జతగా అందులో పడుకోబెట్టి, నడుమ స్లింగ్ (బలమైన నేత పట్టీ) కట్టాలి. స్కీ ఉక్కు అంచు స్లింగ్‌ను కోసేస్తుంది కాబట్టి ఆ చోట స్కిన్ మడిచి చుట్టాలి. తర్వాత స్లింగ్ బయటికి రావడానికి పగులు వైపు ఇంకో సన్నని గాడి కావాలి. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఈ గాడి పెద్ద గాడి అడుగుతో సమానంగా మొదలై చాలా దూరం ఏటవాలుగా పైకి రావాలి. తొందరలో పొట్టిగా తవ్వితే స్లింగ్ స్కీలను ముందుకు కాకుండా పైకి లాగుతుంది, రెండు కుదుపుల్లో అవి బయట పడతాయి. ముందు గోడను తొక్కకండి, మోసేది అదే.

దీన్ని ఇసుకలో చేసి చూడండి. స్కీల బదులు మణికట్టు లావు సరుగుడు కర్ర, ఒకటిన్నర మీటరు. అలలకు దూరంగా, తడి ఇసుకలో ఒకటి, పొడి ఇసుకలో ఒకటి పాతండి. తెగేదాకా లాగొద్దనే మాట ఇక్కడ పనికిరాదు, ఊడేదాకా లాగండి. ఎంతమంది లాగితే ఊడిందో, గోడ కూలిందా, కర్ర పైకి లేచిందా చూసుకోండి. పైకి లేస్తే సన్న గాడి తప్పు. గోడ కూలితే లోతు చాలలేదు. పొడి ఇసుకది మధ్యాహ్నపు మంచు తీరు. ఒక తేడా గుర్తుంచుకోండి: ఇసుక తడిస్తే గట్టిపడుతుంది, మంచు తడిస్తే బలం పోతుంది.

యాంకర్ నిలిచాక బరువున్న తాడుకు ప్రూసిక్ వేసి యాంకర్‌కు తగిలించండి. మధ్య మనిషి మెల్లగా ముందుకు జరిగి బరువును దానికి అప్పగిస్తాడు. ప్రూసిక్ జారినా ఆగేలా వెనక తాడును ముడి వేసి యాంకర్‌కే కట్టాలి. ఇక ఒకరు ప్రూసిక్ రక్షణతో, ప్రోబ్‌తో (మంచులో గుచ్చి చూసే పొడవాటి సన్న కడ్డీ) గుచ్చి చూసుకుంటూ అంచుకు వెళ్లి, తాడు కింద స్కీ పోల్ దూర్చాలి, దాన్ని కూడా కట్టి. లేకపోతే తాడు అంచును కోసుకుంటూ లోపలికి దిగిపోతుంది. అప్పటికే బాగా దిగిపోతే ఆ తాడుతో లాగడం మానేసి, చివరి మనిషి సంచిలోదీ, ఇద్దరి మధ్య ఉన్నదీ కలిపి 20 మీటర్ల తాడుంది, అది కిందికి వెయ్యాలి.

లాగడానికి జెడ్ ఆకారం: తాడు యాంకర్ దగ్గరి కారబైనర్‌లోంచి వెనక్కి మళ్లి, ముందున్న రెండో ప్రూసిక్ దగ్గర తిరిగి, లాగేవాళ్ల చేతికి వస్తుంది. లెక్కకు మూడింతల బలం. మూడు మీటర్లు లాగితే మనిషి ఒక మీటరు లేస్తాడు. రెండు మలుపుల్లోనూ వట్టి కారబైనర్లే ఉంటే రాపిడి తినేసి రెండింతలు కూడా రాదు. పుల్లీ ఒకటే ఉంటే ముందున్న కదిలే మలుపులో పెట్టండి, యాంకర్ దగ్గర కాదు. లాగే చేతికి దగ్గరి మలుపు మెరుగైతే దాదాపు 2.4 రెట్లు వస్తుంది, తారుమారైతే రెండుకు కొంచెం పైన. యాంకర్ దగ్గరి ప్రూసిక్ కారబైనర్‌లో ఇరుక్కోకుండా ఒకరు వేలితో వెనక్కి తోస్తూ ఉండాలి.

సాధనకు పాతిక కిలోల బియ్యం సంచీలో ఇసుక నింపి, ఇసుక దిబ్బ మీదికి లాగండి. మనుషుల్ని వేలాడదీయొద్దు. తాడు వరుసలో ఎవరూ నిలబడకూడదు, యాంకర్ ఊడితే కర్ర అటే ఎగురుతుంది. ముడులు ఒకసారి వట్టి చేతులతో, తర్వాత మందపాటి చేతితొడుగులతో వెయ్యండి. తొడుగులతో పడని ముడి గ్లేసియర్ మీదా పడదు. వచ్చే భాగంలో పడ్డ మనిషి కింద ఏం చెయ్యాలి: సంచీ విప్పి హార్నెస్‌కు వేలాడదీయడం, స్కీలు వదిలించుకోవడం, రెండు ప్రూసిక్‌లతో తనంతట తాను పైకెక్కడం.