8085ను నేటి బోర్డుపైకి తేవడం: ఎంతవరకు సాధ్యం, ఎక్కడ దండగ

తిరుపతి, చిత్తూరు ఇంజినీరింగ్ కళాశాలల ల్యాబుల్లో 8085 (ఇంటెల్ వారి 8-బిట్ ప్రాసెసరు) కిట్టుపై పనిచేసిన విద్యార్థులు ఆ ప్రాసెసరును ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్పు)పై తిరిగి కట్టాలనుకుంటే, కాపాడవలసింది చిప్పునా లేక దానికోసం రాసిన ప్రోగ్రాములనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోని పాత కంట్రోలరులో చెడిపోయిన చిప్పు స్థానంలో పెట్టడానికైతే 40 పిన్నులు, అడ్రసు, డేటా వంతులవారీగా ఒకే తీగలపై వచ్చే పద్ధతి, ఆ తీగలపై అడ్రసు ఎప్పుడుందో తెలిపే ఏఎల్‌ఈ సంకేతం యథాతథంగా ఉండాలి. పాత బోర్డు 5 వోల్టులకు, ఎఫ్‌పీజీఏ 3.3 వోల్టులకు మధ్య వోల్టేజీ మార్చే లెవల్ షిఫ్టర్లూ తప్పవు. ప్రోగ్రాములు నడిస్తే చాలనుకునేవారు ఆ ఉమ్మడి తీగల వరుసను (బస్సును) నిర్మొహమాటంగా వదిలేయవచ్చు. 1976లో పిన్నులు పొదుపు చేయవలసి వచ్చింది గానీ ఎఫ్‌పీజీఏ లోపల ఆ ఇబ్బంది లేదు.

పాత సర్క్యూట్‌ను ట్రాన్సిస్టర్ల వారీగా నకలు చేయకండి. గడియారం 500 కిలోహెర్ట్జ్ కంటే తగ్గితే పనికి హామీ లేని ఎన్‌మాస్ (పాతతరం ట్రాన్సిస్టరు పద్ధతి) డిజైన్ అది. ఇన్‌స్ట్రక్షన్ల పట్టిక ముందు పెట్టుకుని సర్క్యూట్లను వర్ణించే వెరిలాగ్ భాషలో కొత్తగా రాయడమే మేలు. దాదాపు 6,500 ట్రాన్సిస్టర్ల ప్రాసెసరు కనుక టాంగ్ నానో 9కే వంటి చిన్న బోర్డులోని 8,640 లుకప్ టేబుళ్లు (లాజిక్ కట్టుకునే చిన్న గడులు) ధారాళంగా సరిపోతాయి. ఇరుకంతా మెమరీలోనే: అందులోని బ్లాక్ ర్యామ్ 468 కిలోబిట్లు, అంటే 58.5 కిలోబైట్లు, 8085 అడ్రసు చేయగల 64 కిలోబైట్లకు కొంచెం తక్కువ. ల్యాబు ప్రోగ్రాములకు 48 కిలోబైట్లు కేటాయిస్తే చాలు. 64 కిలోబైట్లు దాటాలని రిజిస్టర్లను వెడల్పు చేస్తే అది 8085 కాకుండా పోతుంది. అంత అవసరమున్నవారు ఐఐటీ మద్రాస్ శక్తి వంటి రిస్క్-ఫైవ్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఇన్‌స్ట్రక్షన్ల పద్ధతి) కోర్ (ప్రాసెసరు డిజైన్) తీసుకోవడం తెలివైన పని.

శ్రమంతా ఫ్లాగుల (లెక్క ఫలితం ఎలా వచ్చిందో గుర్తుపెట్టే బిట్ల) దగ్గరే ఉంటుంది. ఉచితంగా దొరికే 8080 (8085కు ముందటి ఇంటెల్ ప్రాసెసరు) కోర్‌కు పేరు మార్చి వాడేస్తే రెండు బైట్లను ఆండ్ చేసే ఏఎన్ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర దొరికిపోతారు: 8085 ఆగ్జిలరీ క్యారీ ఫ్లాగును ఎప్పుడూ 1 చేస్తుంది, 8080 మాత్రం రెండు ఆపరాండ్ల 3వ బిట్లను (0 నుంచి లెక్కిస్తే) ఆర్ చేసి పెడుతుంది. ఏ, బీ రిజిస్టర్లలో 00 పెట్టి, ఏఎన్ఏ బీ నడిపి, పుష్ పీఎస్‌డబ్ల్యూతో ఫ్లాగులను స్టాక్‌లోకి నెట్టి, ఆ బైటును హెక్స్ డీ5తో మాస్క్ చేసి (ఫ్లాగులు కాని బిట్లను తీసేసి) చూడండి. ల్యాబు కిట్టులో 54 వస్తుంది. మీ కోర్‌లో 44 వస్తే అది ఇంకా 8080యే.

చివరగా వేగం. చాలా కిట్టుల్లో 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను ప్రాసెసరు సగం చేసుకుని 3.072 వద్ద నడుస్తుంది. టాంగ్ నానో బోర్డు గడియారం 27 మెగాహెర్ట్జ్. సీ రిజిస్టరులో ఎఫ్‌ఎఫ్ (255) పెట్టి, ఒకటి తగ్గించే డీసీఆర్, సున్నా కాకపోతే వెనక్కి దూకే జేఎన్‌జెడ్‌లతో తిప్పే డిలే లూపు చుట్టుకు 14 టీ-స్టేట్ల (గడియారపు టిక్కుల) చొప్పున కిట్టుపై సుమారు 1.16 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఇక్కడ 0.13లోనే ముగుస్తుంది, ట్రాఫిక్ లైట్ల ప్రయోగం కంటికి అందదు. కాబట్టి ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కూ అసలు టీ-స్టేట్ల లెక్క పాటిస్తూ, పాత వేగానికి దించే క్లాక్ ఎనేబుల్‌ను బోర్డు మీది ఒక బటనుకు కలపండి.