వంటింట్లో గ్యాస్, డబ్బు, చాకిరీ తగ్గించుకోవడం ఎలా?

వంటింట్లో దుబారా ఎక్కడ జరుగుతోందో చూద్దామని ఒక వారం పాటు గమనించాను. కొనేటప్పుడు పెద్దగా పోవట్లేదు. పోయేదంతా తొందరలోనే. నానని గింజల్ని గంటసేపు ఉడికించడం, మాడిన గిన్నెను అప్పటికప్పుడు తోమడం, ఫ్రిజ్‌లో ఉన్నదాన్నే మళ్లీ కొనుక్కురావడం. కాస్త ఆగితే వాటంతటవే అయ్యే పనులను మన గ్యాస్‌తో, మన చేతులతో చేస్తున్నాం. కింద చెప్పినవన్నీ ఎక్కడ ఆగాలో తెలుసుకుంటే వచ్చే ఆదాలే.

1. రేపటి పని రాత్రే నీళ్లలో వేయండి

శనగలు, బీన్స్, రాజ్మా లాంటి గట్టి గింజల్ని మూడింతల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. ఉబ్బుతాయి కాబట్టి గిన్నె కాస్త పెద్దదే తీసుకోండి. వేడి ఎక్కువగా ఉండే రోజుల్లో నీళ్లు పులుస్తాయి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్చిపోయారా? గింజల్ని నీళ్లలో రెండు నిమిషాలు మరిగించి, స్టవ్ ఆపేసి, మూత పెట్టి గంటసేపు వదిలేయండి. రాత్రి నానినంతగా కాకపోయినా పని నడుస్తుంది.

ఎర్ర రాజ్మా విషయంలో మాత్రం జాగ్రత్త. వాటిలో సహజంగా ఉండే లెక్టిన్ అనే పదార్థం సరిగ్గా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు తెస్తుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట బాగా మరగనివ్వాలి. సన్న వేడి మీద నెమ్మదిగా ఉడికించే పద్ధతి వీటికి పనికిరాదు.

ఫ్రీజర్‌లో ఉన్నవి రేపు వండాలనుకుంటే ఈ రాత్రే కింది అరలోకి దించండి. పొద్దుటికి మంచు కరుగుతుంది, ఆ చల్లదనం ఫ్రిజ్‌కే ఉపయోగపడుతుంది.

2. అన్నీ దగ్గర పెట్టుకున్నాకే స్టవ్ వెలిగించండి

స్టవ్ వెలిగించి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టే అలవాటు నాకూ ఉండేది. నూనె పొగలు కక్కుతుంటే చేతికి టెన్షన్, కత్తి ఎటో పోతుంది. ముందు తరిగి, కొలిచి పెట్టుకోండి. గిన్నె అడుగున తడి ఉంటే గుడ్డతో తుడవండి. లేకపోతే మొదటి మంటంతా ఆ తడి ఆరడానికే పోతుంది. మంట గిన్నె అంచులు దాటి పైకి వస్తుంటే అది గాలిని వేడి చేస్తున్నట్టే. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగులోకి మారితే, చాలాసార్లు బర్నర్ రంధ్రాల్లో చెత్త చేరి ఉంటుంది. బర్నర్ చల్లారాక తీసి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. అయినా మారకపోతే మెకానిక్‌కి చూపించండి.

3. మరగడం మొదలవగానే మంట తగ్గించండి

ఎక్కువ గ్యాస్ మిగిలేది ఇక్కడే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎత్తైన ప్రాంతాల్లో ఇంకొంచెం తక్కువకే. మూత లేని గిన్నెలో మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. మామూలు నీళ్లను మరిగే దాకా తేవడానికి పట్టే వేడి కన్నా, ఆ నీళ్లనే పూర్తిగా ఆవిరి చేయడానికి ఏడు రెట్లకు పైగా వేడి కావాలి. అంటే కుతకుతలాడుతున్న గిన్నె త్వరగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ మంట పోయేది ఎక్కువగా నీళ్లను గాల్లో కలపడానికే. సన్నగా బుడగలు వస్తూ ఉండేంత మంట చాలు. మూత పెడితే ఇంకా తగ్గించొచ్చు.

కుక్కర్‌కీ ఇదే సూత్రం. లోపల ఒత్తిడి పెరగడం వల్ల నీళ్లు 120 డిగ్రీల దాకా వెళ్తాయి, అందుకే అంత త్వరగా ఉడుకుతాయి. విజిల్ అంటే అవసరానికి మించిన ఆవిరి బయటికి పోతోందని అర్థం. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, విజిళ్లు లెక్కపెట్టడం మాని గడియారం చూడండి. ఒకటి రెండుసార్లు చేస్తే మీ కుక్కర్‌కు ఎన్ని నిమిషాలు పడతాయో తెలిసిపోతుంది. ఒకసారి ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

తర్వాత స్టవ్ ఎప్పుడు ఆపాలన్నది. కోడిగుడ్లు మునిగేలా చన్నీళ్లు పోసి, మరగగానే ఆపేసి, మూత పెట్టి 12 నిమిషాలు వదలండి. పచ్చసొన గట్టిపడుతుంది. అన్నం కూడా చివరి కొన్ని నిమిషాలు ఆ వేడికే మగ్గుతుంది. కాయిల్ ఉన్న కరెంటు స్టవ్ అయితే ఆపాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది, ఇంకొంచెం ముందే ఆపొచ్చు. మాంసం విషయంలో మాత్రం ఈ అంచనాలు వద్దు, పూర్తిగా ఉడికాకే ఆపండి.

4. మిగిలినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి

ఆగడం మంచిదని ఇంతసేపూ చెప్పాను గానీ, ఇక్కడ మాత్రం ఆగకూడదు. వండిన పదార్థం బయట ఎక్కువసేపు ఉంటే అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. అన్నంలో ఉండే కొన్ని రకాలు వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద గిన్నెతో అలాగే ఉంచకుండా లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉంటే చాలు. తలుపు అరలు అన్నిటికన్నా వేడిగా ఉంటాయి, పాలు అక్కడ పెట్టకండి. సాస్, జామ్ లాంటివి పెట్టుకోవచ్చు. కళ్లకు ఎదురుగా ఒక ట్రే పెట్టి, త్వరగా వాడాల్సినవన్నీ అందులో వేయండి. వంట ఆ ట్రే చూశాకే ఆలోచించుకోవాలి. బజారుకు వెళ్లే ముందు ఫ్రిజ్‌ని ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. జాబితా రాయడం బద్ధకమయ్యే నాలాంటివాళ్లకు ఇదే నయం.

ఆపిల్, అరటి, టమాటా లాంటివి ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. దాంతో పక్కనున్న ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి, విడివిడిగా ఉంచండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కూడా ఒకే బుట్టలో వద్దు.

5. మాడిన గిన్నెను తోమకండి, నానబెట్టండి

ఒకసారి పాలు అడుగంటితే, స్టీలు పీచుతో అరగంట తోమి, గిన్నెకు గీతలు, వేళ్లకు పుండ్లు తెచ్చుకున్నాను. ఆ తర్వాత తెలిసిన పద్ధతి ఇది. గిన్నె చల్లారాక మాడు మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంట సోడా వేసి, ఐదు నిమిషాలు మరిగించి, ఆపేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చెక్క గరిటెతో గీకితే పొరలుగా ఊడివస్తుంది. అల్యూమినియం గిన్నెకు మాత్రం సోడా వాడితే నల్లబడుతుంది, దానికి నిమ్మరసం కలిపిన నీళ్లు మరిగించండి. కెటిల్‌లో పేరుకున్న తెల్లటి ఉప్పు పొరకూ నిమ్మరసమే మందు. వేడి వేడి పెనాన్ని చన్నీళ్ల కింద పెట్టకండి, అడుగు వంగుతుంది.

సోడా, వెనిగర్ కలిపి నురగ తెప్పించే చిట్కా అంతటా కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బూడిదలో పోసిన పన్నీరే. విడివిడిగా వాడితేనే రెండిటికీ ఫలితం. బ్లీచింగ్ ద్రావణంలో మాత్రం వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ ఎప్పుడూ కలపకండి. ప్రమాదకరమైన విషవాయువు వస్తుంది.

6. చిన్నవి, కానీ రోజూ ఉండేవి

మొద్దుబారిన కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, జారేదీ అప్పుడే. నెలకోసారి పదును పెట్టించండి. బట్టలు ఉతికే మెషీన్‌లో నీళ్లు వేడి చేయడానికే ఎక్కువ కరెంటు అవుతుంది, మామూలు మురికికి చన్నీళ్లు చాలు.

కొళాయి కారుతుంటే ఎంత పోతోందో ఊహించుకోకండి. రాత్రి దాని కింద ఒక కొలత గిన్నె పెట్టి పడుకోండి. పొద్దున చూస్తే, వాషర్ మార్చడానికి ఎవరినైనా పిలవాలని మీకే అనిపిస్తుంది. వాళ్లు వచ్చేదాకా ఆ నీళ్లు నిన్న మాడిన గిన్నె నానబెట్టడానికి సరిపోతాయి.