మెడలో బిళ్ళలు తగ్గడం లేదా? ముక్క పరీక్ష ఎప్పుడు, ఎలా

గజ్జల్లో బిళ్ళ కట్టింది, ముట్టుకుంటే నొప్పి

బిళ్ళ అంటే వాచిన లింఫ్ గ్రంథి. ముందు కాలు చూడండి. పగిలిన మడమ, వేళ్ళ సందుల్లో పుండు, గోరు చుట్టు, ఎక్కువగా వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. పిల్లలకు మెడ వెనక బిళ్ళలుంటే తలలో పేలు, కురుపులు వెతకాలి. పుండు మానాక 2 నుంచి 4 వారాల్లో బిళ్ళ తగ్గుముఖం పడుతుంది. గజ్జల్లో 1.5 సెంటీమీటర్ల లోపు మెత్తటి బిళ్ళ చాలామందికి ఉండేదే, దానికి ముక్క పరీక్ష (బయాప్సీ) అక్కర్లేదు.

మెడలో 1 సెంటీమీటరు దాటిన బిళ్ళ, 4 నుంచి 6 వారాలైనా తగ్గలేదు

మన దగ్గర మొదటి అనుమానం టీబీ మీదే. బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తిలా తగిలితే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. రక్త పరీక్ష, హెచ్‌ఐవీ, ఛాతీ ఎక్స్‌రే, మెడ అల్ట్రాసౌండ్ చేయించి, ఆపైన సూది పరీక్షకు వెళ్ళాలి.

ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే. సూదితో తీసిందంతా గాజు పలకల మీద పూసేస్తారు, లేదంటే ఫార్మలిన్‌లో (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం) వేసేస్తారు. ఫార్మలిన్‌లో టీబీ క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) రాదు. కొంత భాగం సెలైన్‌లో (ఉప్పునీటి ద్రవం) వేసి, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షకు, కల్చర్‌కు పంపమని సూది పెట్టకముందే అడగండి.

రిపోర్టులో ‘రియాక్టివ్’ అని వచ్చింది, బిళ్ళ మాత్రం పెరుగుతోంది

‘రియాక్టివ్’ అంటే ఇన్ఫెక్షన్ లాంటిదానికి స్పందించి గ్రంథి వాచిందని. ఆ రిపోర్టు పట్టుకుని ఊరుకోవద్దు. సూదికి విడి కణాలే వస్తాయి, గ్రంథి లోపలి అమరిక తెలియదు. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) తేలాలంటే ఆ అమరికే కావాలి. అందుకే గ్రంథిని మొత్తంగా తీసే ఎక్సిజన్ బయాప్సీ మేలు. లోతుగా ఉండి అందకపోతే లావు సూదితో సన్నటి ముక్క తీసే కోర్ బయాప్సీ. సులువుగా అందేదాన్ని కాకుండా అనుమానం ఎక్కువున్నదాన్ని తీయాలి. మెడలోనూ గజ్జల్లోనూ ఉంటే మెడదే నయం. తీసినదాంట్లో సగం ఫార్మలిన్‌కు, సగం సెలైన్‌కు.

బయాప్సీకి ముందు స్టెరాయిడ్ మాత్రలు వద్దు: లింఫోమా కొన్నాళ్ళు కరిగిపోయి రిపోర్టు తప్పుదారి పడుతుంది. లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే, టీబీని కొంత అణిచి కప్పేస్తుంది.

వారాల తరబడి ఆగకూడని సందర్భాలు

కాలర్ ఎముక పైన బిళ్ళ ఉంటే అది ఎంత చిన్నదైనా సరే. రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్నా, 6 నెలల్లో బరువు 10 శాతం పైగా తగ్గినా, రాత్రి చెమటకు బట్టలు తడిసినా వెంటనే చూపించాలి. ఆడవాళ్ళకు చంకలో అయితే రొమ్ము పరీక్ష, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా.

గుట్కా, చుట్ట, ఉత్తర కోస్తాలో అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) అలవాటున్నవాళ్ళ సంగతి వేరు, బిళ్ళ నోటి లేదా గొంతు క్యాన్సర్ వల్ల కావచ్చు. మెడ కోయించకముందే ఈఎన్‌టీ డాక్టరు నోరు, అంగిలి, గొంతు చూడాలి. ముందు సూది పరీక్షే. తొందరపడి గ్రంథి తీసేస్తే తర్వాత చేయాల్సిన పెద్ద ఆపరేషన్ చిక్కవుతుంది.

టీబీ మందులు మొదలెట్టాక బిళ్ళ పెద్దదైంది

టీబీ ముందే నిర్ధారణ అయి ఉంటే, ఇది శరీరం క్రిముల మీద తిరగబడటం వల్ల కావచ్చు. మందులు ఆపొద్దు. చీము పట్టి ఉంటే సూదితో లాగి, మందులకు లొంగని టీబీయేమో కల్చర్‌లో చూడాలి. పరీక్ష లేకుండా ఊహ మీద మొదలెట్టిన మందులైతే, ఇప్పుడైనా ముక్క తీయించాల్సిందే.