పిల్లల క్లాసులో 'గ్రీన్ నైట్' కావ్యం మొదలైందా? ముందు ఒప్పందాలు చూడమనండి

అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాదికి వచ్చేసరికి చాలా స్కూళ్ళలో ఇంగ్లిష్ క్లాసంటే బ్రిటిష్ లిటరేచరే, అందులో 'సర్ గావెయిన్ అండ్ ద గ్రీన్ నైట్' (నైట్ అంటే వీరుడు, గావెయిన్ కథల్లోని బ్రిటన్ రాజు ఆర్థర్ కొలువులో వాడు) అనే మధ్యయుగపు వీరగాథ ఎక్కడో ఒకచోట తగులుతుంది. "ఒళ్ళంతా పచ్చగా ఉన్నవాడు ఒకడు వచ్చి, తన తల నరికించుకుని, ఆ తల చేత్తో పట్టుకుని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు, దీని మీద ఎస్సే రాయాలి" అని పిల్లలు చెప్తే, ఇంటర్‌లో ఇంగ్లిష్ పేపర్ని గైడ్లతో గట్టెక్కించిన మనకి ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. కానీ సిలబస్‌లో ఉన్న పాత రచనల్లో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంత వీలుగా ఉండేవి తక్కువ. మొత్తం 2530 పంక్తులు, నాలుగు భాగాలు, కథ బిగువుగా ఉంటుంది, ఎక్కడా పురాణంలా సాగదు.

మొదటి పని పూర్తి పుస్తకం సంపాదించడం. చాలా పాఠ్యపుస్తకాల్లో తల నరికే ఘట్టమూ చివరి ఘట్టమూ వేసి మధ్యలో వేటలు కత్తిరిస్తారు, అవి లేకపోతే చివర్లో గావెయిన్ ఎందుకంత సిగ్గుపడ్డాడో అర్థం కాదు. లైబ్రరీలో సైమన్ ఆర్మిటేజ్ 2007లో తెచ్చిన అనువాదం సులువుగానే దొరుకుతుంది, టీనేజ్ పిల్లలకి అదే బాగా ఎక్కుతుంది. టోల్కీన్ అనువాదం ఆయన పోయాక 1975లో అచ్చయింది, అందులో ఇంగ్లిష్ కావాలనే కాస్త పాతగా ఉంటుంది. మారీ బోరాఫ్ అనువాదం క్లాసురూముల్లో ఎప్పటినుంచో ఉంది. చదవడానికి ఏదైనా పర్వాలేదు గానీ ఎస్సేలో ఉటంకింపులు మాత్రం టీచర్ చెప్పిన అనువాదంలోంచే తియ్యాలి, పేజీ నంబర్ కాదు, పంక్తి నంబర్ వెయ్యాలి. చిన్న విషయమే, దీనికీ మార్కులు పోతుంటాయి.

నేపథ్యం మీద ఎక్కువ టైమ్ పెట్టకండి. రాసింది 14వ శతాబ్దం చివర్లో, కవి పేరు ఎవరికీ తెలియదు. ఒకే ఒక్క రాతప్రతి మిగిలింది, అదే ప్రతిలో ఇంకో మూడు కావ్యాలు కూడా ఉన్నాయి, ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1731లో రాబర్ట్ కాటన్ అనే ఆయన పోగుచేసిన రాతప్రతుల సేకరణకి నిప్పంటుకుని ఎన్నో రాతప్రతులు పాడైపోయినా ఇది బయటపడింది. ఈ కవి కూడా లండన్ కవి చాసర్ కాలం వాడే, కానీ మాట్లాడింది లండన్ ఇంగ్లిష్ కాదు, వాయవ్య మిడ్‌లాండ్స్ మాండలికం, అందుకే చాసర్‌ని తంటాలు పడి మూలంలో చదివే పిల్లలకి కూడా దీనికి అనువాదం ఇస్తారు. ఇంతవరకు చాలు.

ఛందస్సు దగ్గర మాత్రం మన వాళ్ళకి ఒక లాభం ఉంది. ప్రతి పద్యంలోనూ ముందు పొడవాటి పంక్తులు వస్తాయి, వాటిలో ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ మోగుతుంది, మన వృత్త్యనుప్రాసలాగే. కావ్యం మొదటి పంక్తే 'సిథెన్ ద సేజ్ అండ్ ది అసౌట్ వాజ్ సేసెడ్ అట్ ట్రోయ్' అని సకారంతో నడుస్తుంది. ఆ పొడవు పంక్తులయ్యాక ఒక బుల్లి తునక, దాని కింద నాలుగు పొట్టి పంక్తులు అంత్యప్రాసతో వచ్చి పద్యాన్ని ముగిస్తాయి, దాన్నే టీచర్లు బాబ్ అండ్ వీల్ అంటారు. సీసపద్యం చదివినవాళ్ళకి ఈ నిర్మాణం చెప్పనక్కర్లేదు, నాలుగు పెద్ద పాదాలు పరుగెత్తి కింద తేటగీతిలోనో ఆటవెలదిలోనో కుదురుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది. పిల్లలతో పైకి చదివించండి, మీరూ వినండి. కవి చురక వెయ్యాలన్నా, విషయం తిప్పాలన్నా ఆ పొట్టి పంక్తుల్లోనే తరచు చేస్తాడు, కాబట్టి ఒక పద్యం అర్థం కాకపోతే ముందు దాని చివరి నాలుగు పంక్తులు చూడమనండి.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ కావ్యం మీద వచ్చే ఎస్సేల్లో సగం 'పచ్చ రంగు దేనికి ప్రతీక' అని మొదలై ప్రకృతి, మృత్యువు, అసూయ, పునర్జన్మ అన్నీ కలిపి ఎటూ తేలకుండా ఆగిపోతాయి. అలా మొదలుపెట్టనివ్వకండి. ఇది మాట ఇవ్వడం, మాట నిలుపుకోవడం గురించిన కథ. కాబట్టి నోట్‌బుక్‌లో ఒక్కో ఒప్పందానికీ ఒక్కో పేజీ పెట్టి, ఎవరు ఎవరికి మాట ఇచ్చారు, షరతులు ఏమిటి, అప్పటికి ఎవరికి ఏం తెలుసు, ఏం తెలియదు అని రాయించండి. లాయర్ కాగితం చదివినట్టు చదివితేనే ఇందులో తమాషా కనిపిస్తుంది.

మొదటి ఒప్పందం ఆర్థర్ కొలువులో, కొత్త సంవత్సరం విందులో జరుగుతుంది. పచ్చని వీరుడు ఒక చేత్తో హోలీ అనే ముళ్ళ ఆకుల చెట్టు కొమ్మ, ఇంకో చేత్తో గొడ్డలి పట్టుకుని వచ్చి, నన్ను ఒక దెబ్బ కొట్టండి, ఏడాది మీద ఒక రోజుకి ఆ దెబ్బ నేను తిరిగి కొడతాను అంటాడు. గావెయిన్ ముందుకొస్తే అతని చేత పేరు చెప్పించి, షరతులు తిరిగి వల్లె వేయిస్తాడు. ఇక్కడ పిల్లల్ని ఆపి ఒక ప్రశ్న అడగండి: తల నరకాలని షరతులో ఎక్కడైనా ఉందా? లేదు, 'దెబ్బకి దెబ్బ' అనే ఉంది. పైగా గొడ్డలి ఇస్తూ ఆర్థర్, నువ్వు ఈ దెబ్బ సరిగ్గా వేశావంటే వాడు తిరిగి వేసేదాని గురించి బెంగ అక్కర్లేదు అన్నట్టు మాట్లాడతాడు. అంటే గావెయిన్ తల తెగ్గొట్టింది, చచ్చినవాడు తిరిగి కొట్టలేడన్న లెక్కతోనా? మొదటి 490 పంక్తుల్లోనే ఇంత మంచి వాదన దొరుకుతుంది, క్లాసులో ఇది ఎత్తినవాళ్ళని టీచర్ గుర్తు పెట్టుకుంటారు.

రెండో భాగంలో కవి కథ ఆపి మరీ గావెయిన్ డాలు మీద ఉన్న అయిదు కోణాల నక్షత్రం గురించి చెప్తాడు. అయిదు ఇంద్రియాలు, అయిదు వేళ్ళు, క్రీస్తు అయిదు గాయాలు, మేరీమాత అయిదు ఆనందాలు, చివర్లో ఔదార్యం, స్నేహధర్మం, నిర్మలత్వం, మర్యాద, కరుణ అనే అయిదు గుణాలు. పరీక్షకి ఇవి బట్టీ పెట్టిస్తారు, పెట్టనివ్వండి. కానీ ఎస్సేకి పనికొచ్చేది ఒకటే, ఆ నక్షత్రంలో గీతలు ఒకదాన్లో ఒకటి పెనవేసుకుని ఎక్కడా తెగని ముడిలా ఉంటాయని కవి చెప్పడం. ఒక గుణం సడలితే మిగతావీ సడలుతాయన్నమాట, తర్వాత కోటలో జరిగేది సరిగ్గా అదే. ఆ తర్వాత బాకీ దెబ్బ తినడానికి, పచ్చని వీరుడు రమ్మన్న గ్రీన్ చాపెల్‌ని వెతుక్కుంటూ ఉత్తర వేల్స్, విరల్ అడవుల మీదుగా చలిలో ప్రయాణం. చాలా అందంగా ఉంటుంది గానీ నోట్సు అక్కర్లేదు, ఊరికే చదువుకోమనండి.

దారిలో ఆతిథ్యం ఇచ్చిన కోటలో రెండో ఒప్పందం. యజమాని పగలంతా వేటకి వెళ్తాడు, గావెయిన్ ఇంట్లో విశ్రాంతి తీసుకోవాలి, సాయంత్రం ఎవరికి ఏది దొరికితే అది ఇద్దరూ మార్చుకోవాలి. కొత్త సంవత్సరానికి ముందు మూడు రోజులు ఇదే ఆట. అక్కడ ప్రతి ఉదయం యజమాని భార్య గావెయిన్ పడకగదిలోకి వస్తుంది. పిల్లలతో ఎలా చదవాలా అని టెన్షన్ పడే తల్లిదండ్రులు ఉంటారు, అవసరం లేదు, అక్కడ నడిచేదంతా మాటల కత్తిసామే. ఆమెని కసిరితే మర్యాద తప్పినట్టు, ఒప్పుకుంటే అన్నం పెట్టిన ఇంటివాడికి ద్రోహం చేసినట్టు. పక్కమీంచి లేవడానికి కూడా వీల్లేకుండా ఇరుక్కుని గావెయిన్ నవ్వుతూ నెట్టుకొస్తుంటే, కవి మనల్ని కూడా నవ్విస్తాడు.

ఇక్కడ పెద్ద కాగితం మీద పట్టిక గీయించండి. అడ్డంగా మూడు రోజులు, నిలువుగా వేటలో ఏం జరిగింది, పడకగదిలో ఏం జరిగింది, సాయంత్రం ఏం మార్చుకున్నారు. మొదటి రోజు లేళ్ళు, ఒక ముద్దు. రెండో రోజు అడవిపంది, రెండు ముద్దులు. మూడో రోజు నక్క, మూడు ముద్దులు, వాటితోపాటు ఒక పచ్చని పట్టు నడికట్టు. లేళ్ళు బెదిరి పరుగెత్తుతాయి, పంది ఎదురు తిరుగుతుంది, నక్క దారులు మార్చి మోసం చేస్తుంది, పక్క గదిలో గావెయిన్ తీరు కూడా అలాగే మారుతోందా అని పోల్చి చూడమనండి. నక్క చివర్లో యజమాని కత్తికి బెదిరి పక్కకి తప్పుకుని కుక్కల నోట పడుతుంది, నాలుగో భాగంలో గొడ్డలి కింద గావెయిన్ భుజాలు ముడుచుకున్నప్పుడు ఈ గడి మళ్ళీ చూస్తే పిల్లలే పట్టుకుంటారు. ఆ మూడో సాయంత్రం లెక్కా గమనించండి, మూడు ముద్దులకి బదులుగా యజమాని ఇచ్చింది కంపుకొట్టే నక్కతోలు ఒక్కటే.

ఆ నడికట్టు దగ్గరే మూడో ఒప్పందం ఉంది, చాలామంది దాన్ని ఒప్పందం కిందే లెక్కపెట్టరు. యజమాని భార్య ముందు బంగారు ఉంగరం ఇస్తే గావెయిన్ వద్దంటాడు. ఇది కట్టుకున్నవాణ్ణి ఎవరూ చంపలేరు అని నడికట్టు ఇస్తే తీసుకుంటాడు, మా ఆయనకి చెప్పకు అంటే సరేనంటాడు. ఆ క్షణం నుంచి అతను రెండు మాటలూ నిలుపుకోలేడు, భార్యకిచ్చిన మాట నిలబడాలంటే భర్తకిచ్చిన మాట తప్పాలి. వెంటనే వెళ్ళి పాదిరి దగ్గర పాపాలు ఒప్పుకుని శుద్ధుడై వస్తాడని కవి చెప్తాడు, మరి నడికట్టు సంగతి చెప్పాడా? చెప్పి ఉంటే తిరిగి ఇచ్చెయ్యాలి కదా? క్రైస్తవ సంప్రదాయంలో పెరగని పిల్లలకి ఇక్కడ ఒక్క మాట వివరించాలి, తప్పు ఒప్పుకోవడంతో అయిపోదు, మళ్ళీ చెయ్యననే ఉద్దేశమూ, తీసుకున్నది తిరిగిచ్చెయ్యడమూ కూడా అందులో భాగమే. పండితులు దీని మీద ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, ఎస్సే రాయడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

నాలుగో భాగం పట్టికలో చివరి వరస. దారి చూపించేవాడు, పారిపో, ఎవరికీ చెప్పను అంటాడు, గావెయిన్ పోడు. ఈ పరీక్ష నెగ్గాడని రాసుకోవాలి, ఎందుకంటే ఎస్సేలో అవతలి పక్షం వాదించడానికి పనికొస్తుంది. గ్రీన్ చాపెల్ దగ్గర మూడు వేట్లు పడతాయి. మొదటి రెండూ తగలవు, మూడోది మెడ మీద చిన్న గాటు పెడుతుంది. పచ్చని వీరుడే కోట యజమాని అని తేలాక లెక్క అతనే చెప్తాడు, మొదటి రెండు రోజులు మాట నిలుపుకున్నావు కాబట్టి రెండు ఉత్తుత్తి దెబ్బలు, మూడో రోజు దాచావు కాబట్టి గాటు.

ఎస్సేకి థీసిస్, అంటే నిరూపించాల్సిన ప్రధాన వాదన, కావాలంటే చివరి పేజీల్లో ఉన్న మూడు తీర్పులు చూపించండి. గావెయిన్ తనకి తానే పిరికివాణ్ణి, ఆశపోతుని అని తిట్టుకుంటాడు, మధ్యలో నేరమంతా ఆడవాళ్ళ మీదకి నెట్టే ప్రసంగం కూడా ఒకటి చేస్తాడు, అది పక్కనపెట్టకుండా చర్చించాల్సిందే. పచ్చని వీరుడేమో, ప్రాణం మీద తీపితో చేశావు, అందుకు నిన్ను పెద్దగా తప్పుపట్టను, బఠాణీల పక్కన ముత్యం ఎలాగో మిగతా వీరుల పక్కన నువ్వు అలాగ అంటాడు. కొలువుకి తిరిగొచ్చి గావెయిన్ సిగ్గుతో నడికట్టు చూపిస్తే అందరూ నవ్వి, తామూ అలాంటి పచ్చ పట్టీ కట్టుకుంటామంటారు. ఈ ముగ్గురిలో ఎవరి తీర్పు సరైనది? ఒకటి ఎంచుకుని, మిగతా రెండూ ఎందుకు చాలవో పంక్తులతో నిరూపిస్తే ఎస్సే నిలబడుతుంది. 'గావెయిన్ మంచివాడే కానీ మనిషి' అని మాత్రం రాయనివ్వకండి, ఎవరూ కాదనలేనిది థీసిస్ అవదు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) లిటరేచర్ పరీక్ష రాసేవాళ్ళు, రచనని తామే ఎంచుకునే మూడో వ్యాసానికి ఈ కావ్యాన్ని ధైర్యంగా ఎంచుకోవచ్చు. ఆరు మార్కుల్లో నాలుగు ఆధారాలకీ వాటి వివరణకే, ఉటంకింపులు కంఠతా ఉండక్కర్లేదు, ఆ మూడు రోజుల పట్టిక బుర్రలో ఉంటే ఆధారాలకి లోటుండదు.

2021లో దేవ్ పటేల్ నటించిన సినిమా చూడొచ్చు, కానీ ఎస్సే ఇచ్చేశాకే. అందులో గావెయిన్ ఇంకా నైట్ కూడా కాడు, ముగింపు వేరు, ముందే చూస్తే రెండూ కలిసిపోయి కావ్యంలో లేని సంఘటనలు ఎస్సేలోకి వచ్చేస్తాయి. అలాగే ఇదంతా ఆర్థర్ సోదరి, మంత్రగత్తె మోర్గన్ లే ఫే చేయించిందని చివర్లో తెలిసి, పిల్లలు అదే అసలు రహస్యమనుకుంటారు. కవి ఆ సంగతి కొద్ది పంక్తుల్లో చెప్పి వదిలేశాడు, వీళ్ళు రెండు పేరాలు పెట్టక్కర్లేదు.

క్లాసులో గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించే రోజు ఉంటే, నోరు విప్పడానికి మొహమాటపడే పిల్లలకి ముందు రోజే రెండు ప్రశ్నలు చేతికిచ్చి పంపండి. అంతా తేలిపోయాక పచ్చని వీరుడు మళ్ళీ మా కోటకి రా, పండగ చేసుకుందాం అని పిలిస్తే గావెయిన్ ఎందుకు వెళ్ళలేదు? కొలువువాళ్ళ నవ్వు అతని తప్పుని క్షమించినట్టా, అర్థం చేసుకోనట్టా? ఏ ప్రశ్నకైనా పంక్తి నంబర్లు రెండు పక్కన రాసుకుని వెళ్ళమనండి, టీచర్ 'ఎక్కడుంది అది?' అనగానే పుస్తకం తెరిచి చూపించగలిగితే సరిపోతుంది.