పికప్ మైలేజీ పడిపోయిందా? ఇంజెక్టర్ల దాకా పోకముందే ఇవి చూసుకోండి

మదనపల్లె మార్కెట్ నుంచి తిరుపతికి టమాటా తోలే బొలెరో పికప్ నాది. రానూపోనూ దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు, పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీ ట్రేలు. బండి బాగున్నన్నాళ్లూ లీటరుకు 13 ఇచ్చేది. పోయిన ఎండాకాలం 12, పదకొండున్నర అంటూ మెల్లగా దిగుతూ వచ్చి ఒకరోజు 10 దగ్గర ఆగింది. అంటే ట్రిప్పుకు 19 లీటర్లు పోయేచోట 25 పోయిస్తున్నాను. రోజుకు ఆరు లీటర్లు అదనం, నెలకు 25 ట్రిప్పులు వేసుకున్నా 150 లీటర్లు. బండి కంతు కట్టాల్సిన డబ్బంతా డీజిల్‌కే పోతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

ఒక షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలన్నారు. అంత డబ్బు చేతిలో లేక వాయిదా వేశాను. అదే మంచిదైంది, ఎందుకంటే అసలు రోగం ఇంజిన్‌లో లేదు, వెనక ఎడమ చక్రంలో ఉంది. అప్పటినుంచి తెలిసినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను: మైలేజీ తగ్గితే టైరు దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ వైపు రండి, ఇంజిన్ విప్పడంతో మొదలుపెట్టకండి. కింద అదే వరసలో రాస్తున్నాను.

అసలు మైలేజీ తగ్గిందా, లెక్క తప్పిందా?

డీజిల్ ముల్లు చూసి, లేదంటే వెయ్యి రూపాయలకు కొట్టిస్తే ఇంత దూరం వచ్చిందిలే అనుకుని వేసేది లెక్క కాదు. ట్యాంకు ఫుల్ చేయించండి, నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే ఆపించేయండి, ఆ పైన ఇంకో లీటరు కుక్కించొద్దు. మీటరు రీడింగ్ రాసుకుని మామూలుగా తిరగండి. మళ్లీ అదే బంకులో, కుదిరితే అదే మిషను దగ్గర, మొదటి టక్కు దాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ మైలేజీ. ఒక్కసారితో తేల్చేయకుండా మూడు ట్యాంకులు చూడండి, లోడెంత, ఏ రూటు అన్నది కూడా పక్కనే రాసుకోండి. బంకు కొలత మీదే అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రలో పట్టి చూపించమని అడగండి, అది ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగే హక్కు మనకుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కంపెనీ ఇచ్చిన సైజు కన్నా పెద్ద టైర్లు వేయిస్తే మీటరు తక్కువ తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 4 శాతం పెరిగితే మీరు నిజంగా 100 కిలోమీటర్లు పోయినా మీటరు 96 చూపిస్తుంది. మైలేజీ తగ్గినట్టు కనబడుతుంది కానీ తగ్గలేదు. హైవే మీద కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ ఒక 20 కిలోమీటర్లు పోతే తేలిపోతుంది.

న్యూట్రల్ చేస్తే బండి సాగట్లేదు, తొందరగా ఆగిపోతోంది

వెనకా ముందూ బండ్లు లేని చదును రోడ్డు మీద 40 స్పీడులో న్యూట్రల్ చేసి వదిలి చూడండి. బాగున్న బండి సాఫీగా సాగుతుంది. ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోతుంటే చక్రాల దగ్గరే ఏదో పట్టుకుంటోంది, ఇంజిన్‌కి దీంతో సంబంధం లేదు.

మొదట గాలి. తెల్లారి బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బండ్లకు డ్రైవరు డోరు తెరిస్తే స్టిక్కరు మీద కూడా కనిపిస్తుంది. ముందు టైర్లకు, వెనక టైర్లకు లెక్క వేరు, లోడుకు ఖాళీకి కూడా వేరు. పంచర్ షాపులో నాలుగింటికీ ఒకే గాలి పట్టించుకుని వచ్చేస్తుంటాం, టన్నున్నర బరువు మోసే వెనక టైర్లకు అది చాలదు. అలాగే హైవే మీద ఆగి వేడి టైరుకు గేజి పెట్టి, ఎక్కువుందని గాలి తీసేయొద్దు. వేడికి అలా పెరగడం మామూలే, తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

తర్వాత బ్రేకు. నా బండిలో దొరికింది ఇక్కడే. పది కిలోమీటర్లు, వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ పోయి, రోడ్డు పక్కన ఆపి ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను, తాకకుండా ఒక జానెడు దూరంలో. ముందు రెండూ గోరువెచ్చగా ఉన్నాయి, వెనక కుడిది కూడా అంతే. ఎడమదాని దగ్గర చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టుంది. వాటర్ బాటిల్ మూతలో రెండు చుక్కలు డ్రమ్ము మీద చిలకరిస్తే చుయ్‌మని ఆవిరైపోయాయి. (చుక్కలే చిలకరించాలి, కాలిన డ్రమ్ము మీద బాటిలంతా పోస్తే పగుళ్లు వస్తాయి.) ఇంటికొచ్చి మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, హ్యాండ్ బ్రేకు దించి ఆ చక్రం తిప్పితే అర చుట్టు కూడా తిరక్కుండా బిగుసుకుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ లోపల తుప్పు పట్టి, లివరు దించినా వెనక్కి రావట్లేదు. అంటే నెలల తరబడి నేను బ్రేకు వేసుకునే తిరుపతికి పోయొస్తున్నాను.

కేబుల్ కొత్తది వేయించి, డ్రమ్ము విప్పి దుమ్ము దులిపి, మాడిపోయిన లైనింగులు మార్చి సెట్ చేయించాక మొదటి ట్యాంకుకే పన్నెండున్నర వచ్చింది, మూడో ట్యాంకుకు 13. మీ బండిలో కేబుల్ బాగుండి డ్రమ్ము మాత్రం వేడెక్కుతుంటే వీల్ సిలిండర్ ఇరుక్కుపోయి ఉండొచ్చు, లోపలి స్ప్రింగు సాగిపోయి ఉండొచ్చు. డిస్కు ఉన్న ముందు చక్రమైతే డిస్కును పట్టే క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి ఉండొచ్చు. ఇది డీజిల్ ఒక్కదాని విషయం కాదు, అలా కాలిపోతున్న బ్రేకుతో ఘాట్ దిగుతుంటే అవసరానికి బ్రేకు పట్టదు.

డ్రమ్ము చల్లగానే ఉండి, స్పీడు పెరిగేకొద్దీ ఒక చక్రం వైపు నుంచి గూఁ అని మోత వస్తుంటే వీల్ బేరింగ్ చూపించండి.

అలైన్‌మెంట్ తప్పిందేమో తెలుసుకోవడానికి మిషను అక్కర్లేదు. ముందు టైరు మీద అరచెయ్యి అడ్డంగా లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా గరగరమని తగిలితే టైర్లు నేరుగా దొర్లకుండా రోడ్డును రాసుకుంటూ పోతున్నట్టే. అప్పుడు అలైన్‌మెంట్ చేయించండి.

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, స్పీడు రావట్లేదు

క్లచ్ జారుతోంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో గట్టిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం పెరిగి బండి మాత్రం అలాగే ఉండి, కాలిన వాసన కూడా వస్తుంటే ప్లేటు అయిపోయి ఉండొచ్చు. మార్చేముందు పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్ వదులుగా కదిలే దూరం) ఉందో లేదో చూడండి, కొన్నిసార్లు సర్దితే సరిపోతుంది, లేదంటే ప్లేటు మార్చక తప్పదు. కొత్త ప్లేటు వేయించాక కాలు క్లచ్ మీద ఆనించి నడిపే అలవాటు మానకపోతే అదీ తొందరగానే పోతుంది.

లోడు మీద నల్ల పొగ, లాగడం తగ్గింది

నల్ల పొగ అంటే పూర్తిగా కాలకుండా మసిగా బయటికొస్తున్న డీజిల్. అది కాలడానికి గాలి చాలట్లేదు. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 12 కిలోల గాలి కావాలి, అంటే దాదాపు పది వేల లీటర్లు, అదీ తక్కువలో తక్కువ. అదంతా ఒక్క ఎయిర్ ఫిల్టర్ గుండానే పోవాలి. మట్టిరోడ్ల మీద పొలాల దగ్గరికి పోయి లోడెత్తే బండికి ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పుస్తకంలో ఉన్నది సరిపోదు, ఇంకా ముందే మార్చాలి. కంప్రెసర్ గాలితో గట్టిగా కొట్టి పదేపదే వాడితే కాగితం చిల్లులు పడి దుమ్ము నేరుగా ఇంజిన్‌కి గాలి ఊదే టర్బోలోకి పోతుంది. ఫిల్టర్ ఖరీదెంత, టర్బో ఖరీదెంత, మీరే ఆలోచించండి.

ఫిల్టర్ బాగుంటే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు గొట్టాలు చూడండి. టర్బో గట్టిగా ఊదేటప్పుడు ఉస్స్‌మని శబ్దం, గొట్టం జాయింటు దగ్గర జిడ్డుగా నూనె తడి, ఈ రెండూ ఉంటే అక్కడే లీకు. గొట్టాన్ని వంచి కింది వైపు కూడా చూడాలి, పగుళ్లు ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి. క్లాంపు బిగిస్తే సరేసరి, చీలితే గొట్టం మార్చాలి, టేపు చుడితే నాలుగు రోజులు కూడా ఆగదు. ఇవి రెండూ బాగుండి కూడా పొగ వస్తుంటే ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసితో ఇరుక్కుందేమో చూపించండి.

టెంపరేచర్ ముల్లు ఎంత దూరం పోయినా పైకి రావట్లేదు

ఇది మంచి లక్షణమనుకుంటారు, కాదు. ఎప్పుడో ఇంజిన్ హీటయినప్పుడు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తీసి పారేసి నీళ్లు నేరుగా తిరిగేలా చేసిన బండ్లు మన వైపు చాలా ఉన్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ డీజిల్ సరిగ్గా కాలదు, ఆయిల్ చిక్కగా ఉండి లోపల ఒరిపిడి ఎక్కువ. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోండి. మళ్లీ థర్మోస్టాట్ పెట్టించి, ఉత్త నీళ్లు కాకుండా కూలెంట్ పోయించండి. హీటవడానికి అసలు కారణం రేడియేటరో వాటర్ పంపో అయితే దాన్ని బాగుచేయించాలి.

బండిలో లోపమేదీ దొరకలేదు, అయినా తాగుతోంది

అప్పుడు నడిపే తీరు చూడాలి. గాలి బండిని వెనక్కి నెట్టే బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది, 60లో ఉన్నదానికి 80లో దాదాపు 1.8 రెట్లు. దానికితోడు క్యాబిన్ కన్నా ఎత్తుగా ట్రేలు పేర్చి, పైన టార్పాలిన్ వదులుగా కట్టి అది పటపట కొట్టుకుంటుంటే ఇంకా చెప్పక్కర్లేదు. వీలైనంత కింద పరిచి, పట్టా బిగించి కట్టండి. 60 దాటకుండా ఒక ట్యాంకు నడిపి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండా తేడా తెలుస్తుంది. ఓవర్‌లోడు వేస్తే వచ్చే బాడుగ కన్నా పోయే డీజిల్, టైర్లు, స్ప్రింగు పట్టీలు ఎక్కువ. పట్టుబడితే 2019లో మారిన చట్టం ప్రకారం 20,000 జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000.

మార్కెట్లో వేలం అయ్యేదాకా ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చోవద్దు, ఉత్తినే తిరిగినా గంటకు అర లీటరు పైనే పోతుంది.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి, భాకరాపేట ఘాట్‌లో ఇప్పటికీ అలా దిగేవాళ్లను చూస్తున్నాను కాబట్టి. ఇప్పటి డీజిల్ ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే ఇంజెక్టర్లకు డీజిల్ ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆరిపోకుండా డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో మిగిలేది లేదు, పైగా బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. దయచేసి గేరులోనే దిగండి.

బీఎస్6 బండి, సైలెన్సర్ లైటు మాటిమాటికీ వెలుగుతోంది

2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన డీజిల్ బండ్లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. అది మసిని పట్టుకుని, నిండాక అదనంగా డీజిల్ వాడి ఆ మసిని కాల్చేస్తుంది. ఊళ్లోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఈ కాల్చడం మధ్యలో ఆగిపోయి మళ్లీ మళ్లీ మొదలవుతుంది, డీజిల్ అలా పోతుంది. వారానికి ఒకసారైనా హైవే మీద 20 నిమిషాలు ఆపకుండా ఒకే స్పీడులో నడపండి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే పోయించండి, వేరేది పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో పేరుకుపోతుంది, అది ఎంత కాల్చినా పోదు.

ఇవన్నీ చూశాక కూడా 10 దాటట్లేదు

ఇప్పుడు ఇంజెక్టర్ల వంతు. డీజిల్ ఫిల్టర్ మార్చి, కింద స్క్రూ ఉంటే నీళ్లు వదిలి, తర్వాత మెకానిక్‌ను రిటర్న్ టెస్టు చేయమనండి. నాలుగు ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులు తీసి, ఒకే సైజు సీసాలు నాలుగు తగిలించి కొన్ని నిమిషాలు ఇంజిన్ తిప్పుతారు. హై ప్రెషర్ పైపుల జోలికి మీరు పోవద్దు, అక్కడ ప్రెషర్ 1,000 బార్ కూడా దాటుతుంది, సన్నటి చిల్లు నుంచి వచ్చే డీజిల్ కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. మిగతా మూడింటి కన్నా బాగా ఎక్కువ నిండిన సీసా ఏదో, ఆ ఇంజెక్టర్‌నే ముందు తీయించి టెస్టింగ్ బెంచీకి పంపించండి, రిపోర్టు చేతికొచ్చాకే మార్చాలా వద్దా అన్న మాట మాట్లాడండి.