ఇంట్లో సిగ్నల్ ఎక్కడ బాగుందో చూసే పద్ధతి

స్లాబ్ ఇళ్లలో లోపలి గదిలోకి వెళ్తే చాలు, మాట తెగిపోతుంది, ఓటీపీ రాదు. పైన కనబడే గీతల్ని బట్టి ఏమీ తేల్చుకోకండి, ఒక్కో కంపెనీ ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. అసలు అంకె సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ వరుసగా నొక్కండి (కొన్ని మోడళ్లలో పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి). సిగ్నల్ స్ట్రెంత్ దగ్గర మైనస్ గుర్తుతో డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే కొలత) అంకె కనిపిస్తుంది. 4జీలో -90 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. -115, -120 అయితే కాల్ నిలవడం కష్టం.

ఆ పేజీ తెరిచే ఉంచి గది గదికీ తిరగండి. ప్రతిచోటా అరనిమిషం ఆగాలి, అంకె వెంటనే మారదు. ఇనుప బీరువా పక్కన ఒకసారి, కిటికీ గట్టు మీద ఒకసారి పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఆ అంకెలో 10 తేడా అంటే సిగ్నల్ బలంలో 10 రెట్ల తేడా, అందుకే రెండడుగులు జరిపినా ఒక్కోసారి పని అయిపోతుంది. మంచి చోటు దొరికితే ఛార్జర్ అక్కడికే మార్చేయండి.

ఇల్లంతా -115 దగ్గరే ఉంటే, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లు సిమ్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ (టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ వెళ్లే సదుపాయం) ఆన్ చేసుకోండి. జియో, ఎయిర్‌టెల్‌లో దీనికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. కానీ కరెంటు పోతే రూటర్‌తో పాటు ఈ సదుపాయమూ ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే రూటర్‌కి చిన్న యూపీఎస్ తప్పకుండా పెట్టండి.